స్వయంగా ఎరుగుదును

మన రాష్ట్ర చిన్న తరహా నీటిపారుదల శాఖామాత్యులు గౌరవనీయులు శ్రీ గజాననరావు గారు ఎడారిలో చెరువుల స్థితిగతులను స్వయంగా అధ్యయనం చేయడానికి దుబాయ్ విచ్చేస్తున్నారనీ, అయిదు రోజుల ఈ చారిత్రక పర్యటనలో భాగంగా ఇక్కడి తెలుగువారు టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రదర్శించే నాటకాన్ని తిలకించి ఆశీర్వదిస్తారనీ తెలుగు కళాసంఘం అధ్యక్షులు భీమరాజు గారు 1979 ఫిబ్రవరిలో ఒక ప్రకటన విడుదల చేశారు.

దాన్ని బడిలో సైక్లోస్టైలు చేసింది నేను. ఎడారిలో చెరువులు లేవు కదండీ అని సందేహం వెలిబుచ్చాను. అధ్యయనం చేయకుండా ఆ మాట మనమెలా చెప్పగలం మాస్టారూ అన్నారాయన. ఇంత శాస్త్రీయమైన దృష్టి ఉన్న మనిషి, ఎయిర్ కండిషనర్లు అమ్మే కంపెనీలో మేనేజరుగా తీరిక లేకుండా ఉంటూ కూడా, మా సంఘానికి మూడోసారి అధ్యక్షులు కావడం మా అదృష్టం. పోటీ చేసిన వారెవరూ లేరు.

ఇక్కడి టెలివిజన్ స్టేషన్ వారు ఆ ఏడాది పరదేశీయుల కోసం శుక్రవారం సాయంత్రాలు నలభై నిమిషాలు కేటాయించారు. మలయాళీలు పాటలు పాడారు. సింధీలు చీరలు చూపించారు. మన వంతు మార్చి నెల రెండో శుక్రవారం వచ్చింది. ముందుగా రికార్డు చేసే యంత్రం స్టేషన్‌లో ఉంది గాని, దాన్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం అట్టే పెట్టారు. కనుక ఏం చేసినా ప్రత్యక్షంగానే చేయాలి.

సంఘానికి నాటకం చేతిలో సిద్ధంగా ఉంది. పేరు 'గుర్తింపు'. అది నేను రాసిందే. జెబెల్ అలీలో ఓడరేవు కడుతున్న కూలీల క్యాంపుకి శుక్రవారాలు వెళ్లి, వాళ్ల ఉత్తరాలు రాసిపెట్టి, చివరికి ఒక నాటకం కూడా రాసిపెట్టాను. ఆ ఏడాది శుక్రవారాలు నాకు చాలా పొడుగ్గా ఉండేవి.

కథ చిన్నది. ఒక రైతుకు ప్రభుత్వం బావి మంజూరు చేస్తుంది. బావి తీసుకోవాలంటే ఆ రైతు తానేనని రుజువు కావాలంటాడు గుమాస్తా. భార్య చెబుతానంటుంది. భార్యకు బావిలో వాటా ఉంది కనుక ఆమె మాట చెల్లదు. తల్లి వస్తుంది. కన్నంత మాత్రాన గుర్తించే అధికారం రాదమ్మా అంటాడు గుమాస్తా. చివరికి రైతు మంత్రి దగ్గరికి పోతాడు. ఎన్నికలప్పుడు తన ఇంట్లో కూర్చుని రెండు జొన్నరొట్టెలు తిన్న మంత్రి. ఆయన కళ్లజోడు పెట్టుకుని రైతును పైనుంచి కింది దాకా చూసి, "ఎవరు నువ్వు? నేనెరగను" అంటాడు. తెర పడుతుంది.

రైతుకు ఏదో ఒక పేరు ఉండాలి కనుక మాణిక్యం అని పెట్టాను. మా ఇంట్లో వాడుక లేకుండా ఉన్న పేరు.

మాణిక్యం వేషం హన్మాండ్లుది. కరీంనగర్ జిల్లా మనిషి, కాంక్రీటుకు చెక్కలు బిగించే షట్టరింగ్ పని. రొట్టెల సంగతి అతను చెప్పిందే. గజాననరావు గారు ఓట్లకు తిరిగిన రోజుల్లో నిజంగానే హన్మాండ్లు ఇంట్లో ఆగారు. గుమాస్తా వేషమూ తల్లి వేషమూ వెంకట్రాములువి. గుమాస్తాగా ఆఫీసు నుంచి తల్లిని వెళ్లగొట్టి, అడ్డంగా కట్టిన దుప్పటి వెనక్కి వెళ్లి చీర చుట్టుకుని తల్లిగా ఏడుస్తూ బయటికి వచ్చేవాడు. నాలుగు వందల మంది క్యాంపు మెస్సులో నేల మీద కూర్చుని చూసేవారు. చివరి మాటకు నవ్వు ఆగేది కాదు. అందరూ మంత్రులను చూసినవాళ్లే.

ఇక్కడ హన్మాండ్లు గురించి ఒక విషయం చెప్పాలి. అతను ఆరేళ్ల కిందట బొంబాయి నుంచి లాంచీలో వచ్చి, ఖోర్ ఫక్కాన్ దగ్గర మెడలోతు నీళ్లలో దిగి, చెప్పులు నెత్తి మీద పెట్టుకుని ఒడ్డుకు నడిచాడు. పాస్‌పోర్టు లేదు. మరో కాగితమూ లేదు. ఈ దేశంలో అతను ఉన్నాడనడానికి అతను పోసిన కాంక్రీటు తప్ప ఆధారం లేదు. ఊళ్లో భార్య చంద్రవ్వ. అతను లాంచీ ఎక్కిన నాలుగు నెలలకు పుట్టిన ఆడపిల్ల.

ఫిబ్రవరి చివర ఇక్కడి ప్రభుత్వం కాగితాలు లేనివారికి మార్చి ముప్పై ఒకటి దాకా గడువిచ్చింది. ఆలోగా తమ దేశపు ప్రయాణపత్రం తెచ్చుకుంటే శిక్ష లేకుండా ఇంటికి పోవచ్చు. తరువాత దొరికితే జైలు. ప్రయాణపత్రం ఇచ్చే ఆఫీసులో హన్మాండ్లును అడిగింది ఒకటే. అతని ప్రాంతం నుంచి ఎన్నికైన ప్రజాప్రతినిధి ఎవరైనా ఫారం అడుగున ఒక వాక్యం కింద సంతకం చేసి ముద్ర వేయాలి. వాక్యం ఇది: 'ఈ వ్యక్తిని నేను స్వయంగా ఎరుగుదును.'

హన్మాండ్లు ప్రాంతం నుంచి ఎన్నికైన ప్రజాప్రతినిధి చెరువుల అధ్యయనానికి విమానం ఎక్కుతున్నారు.

"దేవుడు పంపిండు సారూ," అన్నాడు హన్మాండ్లు. "మా ఇంట్ల తిన్నడు. రెండు రొట్టెలు, పుంటికూర. మంచిగున్నదని మల్ల ఏయించుకున్నడు."

నాటకంలో ఏమవుతుందో నీకు తెలుసు కదా అన్నాను.

"అది నాటకం సారూ. నిజంగ గట్ల జేస్తడా మనిషి?"

నేను పిల్లలకు వ్యాకరణం చెప్పి బతికేవాణ్ని. తెలియని విషయంలో భవిష్యత్తు వాడను. ఫారం నింపి ఇచ్చాను.

*

స్టేజీ నాటకాన్ని టెలివిజన్‌కు తగినట్టు మార్చడానికి భీమరాజు గారి ఇంట్లో మూడు సమావేశాలు జరిగాయి. స్టేషన్ ముదీర్, అంటే డైరెక్టరు, ఒక పాలస్తీనా పెద్దమనిషి. ఆయన పెట్టిన షరతులు రెండే. సారా కనిపించకూడదు, నలభై నిమిషాలు దాటకూడదు. మాకు సారా లేదు. తక్కిన షరతులన్నీ మనవాళ్లే పెట్టారు.

"సెటైరు ఉండాలి మాస్టారూ. సెటైరు లేకపోతే జనం చూడరు," అన్నారు భీమరాజు గారు. "కాకపోతే అది ఎవరి మీదా ఉండకూడదు."

ఈ సూత్రం ప్రకారం మొదట గుమాస్తా మంచివాడయ్యాడు. బావి ఆలస్యం కావడానికి కారణం వర్షాలని తేలింది. భార్య పాత్రకు ఆడవాళ్లు దొరకలేదు. తల్లి పాత్రలో వెంకట్రాములు మీసం కెమెరాకు కనిపిస్తుందని తల్లిని తీసేశారు. మీసం తీయడానికి వెంకట్రాములు ఒప్పుకోలేదు. ఊళ్లో తండ్రి బతికే ఉన్నాడన్నాడు. ఇక చివరి మాట మిగిలింది. దాని మీద ఒక సమావేశం మొత్తం నడిచింది. 'ఎవరు నువ్వు? నేనెరగను' అన్నది పోయి, 'నిన్నెరగనా తమ్మీ!' అన్నది వచ్చింది. ఆ మాట అని మంత్రి కాగితం మీద సంతకం చేసి, ముద్ర వేయించి, రైతును కౌగిలించుకుంటాడు.

రచయితగా మీకు అభ్యంతరం లేదు కదా అని అడిగారు. మూడక్షరాలు తగ్గాయని మాత్రం అన్నాను. పొదుపు మంచిదే అన్నారు.

మంత్రిగారి కంటే రెండు రోజులు ముందుగా ఆయన పీఏ దేవదానం గారు దిగారు. తెల్లని చొక్కా జేబులో రెండు కలాలు, చేతిలో చిన్న తోలు సంచి. సంచిలో రబ్బరు ముద్ర, సిరాదిండు. నిద్రపోయేటప్పుడు తప్ప ఆ సంచి వదలరని చెప్పారు. ఆయన స్క్రిప్టు అంతా చదివి, మంత్రి పాత్ర ఎవరు వేస్తున్నారని అడిగారు. తానే వేస్తున్నానన్నారు భీమరాజు గారు, కొంచెం సిగ్గుపడుతూ.

"వద్దండి. మంత్రి పాత్ర మంత్రిగారే వేస్తారు," అన్నారు దేవదానం గారు.

మరి రిహార్సల్సో అన్నారు భీమరాజు గారు, నిరాశను మింగుకుంటూ.

"సార్‌కి రిహార్సలెందుకండి? పద్దెనిమిదేళ్ల నుంచి రోజూ చేస్తున్నదే కదా."

సంతకం పెట్టే కాగితం గురించి కూడా ఆయన శ్రద్ధ తీసుకున్నారు. ఉత్త కాగితం మీద సార్ సంతకం పెట్టరు. నకిలీ ముద్ర వేయించరు, అది నేరం. కాబట్టి అసలు ఫారం కావాలి, అసలు ముద్ర తన సంచిలోంచి వస్తుంది. పైగా కెమెరా దగ్గరికి వస్తుందట, గడులు ఖాళీగా ఉంటే బాగుండదట. అందుచేత ఇంకో ఫారం తెచ్చి బడి టైపు మిషన్ మీద ఎక్కించాను. పేరు మాణిక్యం. వేషం హన్మాండ్లుది కనుక అతని ఫోటోనే అంటించాను. తండ్రి పేరు, తల్లి పేరు అన్న గడుల్లో అప్పటికప్పుడు చేతికి తోచిన పేర్లు కొట్టాను.

పని ముగిశాక, హన్మాండ్లు అసలు ఫారం కూడా దేవదానం గారి ముందు పెట్టి సంగతి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు.

"ఈ హన్మాండ్లు అనే ఆయన్ని సార్ ఎరగరు కదండి. ఎరగని మనిషిని ఎరుగుదునని సార్ ఎలా సంతకం పెడతారు? అబద్ధం అయిపోదూ?"

మాణిక్యాన్ని మాత్రం ఎరుగుదురా అన్నాను.

"స్క్రిప్టులో ఉందిగా మాస్టారూ. మూడో పేజీ నుంచీ ఎరుగుదురు."

నిజం పట్ల ఇంత పట్టింపు ఉన్న అధికారిని నేను అంతకు ముందు చూడలేదు.

*

మంత్రిగారు వచ్చారు. చెరువుల అధ్యయనం మొదటి రోజే చురుకుగా సాగింది. బంగారం అంగళ్ల వీధిలో మూడు గంటలు, వాచీల వీధిలో రెండు గంటలు వెతికినా ఒక్క చెరువు కూడా కనబడకపోవడం ఆయనను కలచివేసిందని భీమరాజు గారు చెప్పారు. రెండో రోజు అధ్యయన సామగ్రి కింద రేడియో, టేపు కలిసిన మూడు టూ-ఇన్-వన్‌లు సేకరించారు.

ఆ సాయంత్రం హోటల్లో సంఘసభ్యుల పరిచయం. హన్మాండ్లు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని జెబెల్ అలీ నుంచి కంపెనీ బస్సులో వచ్చి, వరసలో చివర నిలబడ్డాడు. మంత్రిగారు వరస పొడుగునా నడుస్తూ అందరి భుజాల మీదా చెయ్యి వేశారు. హన్మాండ్లు భుజం మీద కూడా వేసి, "మంచిగున్నవా తమ్మీ?" అన్నారు. ఫోటో తీశారు. అంతలో లిఫ్టు వచ్చింది.

హన్మాండ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది. గుర్తుపట్టిండు సారూ అన్నాడు. లిఫ్టు ఎక్కకముందు ఆయన నా భుజం మీద కూడా చెయ్యి వేసి అదే మాట అన్నారన్న సంగతి నేను చెప్పలేదు. నేను కాకినాడ వాణ్ని.

కాని దేవదానం గారు చెప్పింది మాత్రం దాచలేకపోయాను. హన్మాండ్లు కాసేపు చేతిలో ఫారం వంక చూశాడు. తరువాత, నాటకంలో తన చేతిలో కాగితం ఉంటుంది కదా అని అడిగాడు. ఉంటుందన్నాను. అది తీసుకుని ఆయన సంతకం చేస్తాడు కదా అన్నాడు. చేస్తాడన్నాను.

"ఆ కాగితం మీద నా పేరే ఉంటే ఏమైతది సారూ? ఊరందరి ముంగట, టీవీల, ఎరగనంటడా?"

ఏ కాగితం పట్టుకోవాలో చూసుకునే బాధ్యత నటుడిదని నాటకశాస్త్రం ప్రకారం చెప్పాను. అలాంటి శాస్త్రం నేను చదవలేదు.

*

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు స్టేషన్‌కు చేరాం. వార్తలు చదివే బల్లకే పచ్చ గుడ్డ కప్పి మంత్రిగారి ఆఫీసు చేశారు. దీపాల వేడికి వెంకట్రాములు మీసం చెమట పట్టింది. నేను స్క్రిప్టు పట్టుకుని అట్టగోడ వెనక నిలబడ్డాను. నా ఎదుట, కెమెరాకు ఆవల, సంచితో దేవదానం గారు. ఆయన చేతిలో మాణిక్యం ఫారం కూడా ఉంది. హన్మాండ్లు దాన్ని మేకప్ గదిలో మరిచిపోయి వచ్చాడని ఆయన భద్రంగా పట్టుకొచ్చారు. అంతటి జాగ్రత్తపరులు.

ఎర్ర దీపం వెలిగింది. మొదటి పది నిమిషాలు బాగా నడిచాయి. గుమాస్తా "మాణిక్యం! మాణిక్యం!" అని పేరు పెట్టి పిలవడం, రైతు లోపలికి రావడం, వర్షాల వల్ల ఆలస్యమైందని గుమాస్తా క్షమాపణ చెప్పడం అన్నీ అయ్యాయి.

మంత్రిగారు ప్రవేశించారు. స్క్రిప్టులో ఆయనకు ఆరు మాటలున్నాయి. మొదటి మాట కెమెరా వైపు తిరిగి అన్నారు. తరువాత చిన్న తరహా నీటిపారుదలలో రాష్ట్రం సాధించిన ప్రగతి గురించి పంతొమ్మిది నిమిషాలు మాట్లాడారు. రైతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుమాస్తా కలం పట్టుకుని నిలబడ్డాడు. ముదీర్ తన వాచీ చూపించి నా వంక చూశాడు. నేను దేవదానం గారి వంక చూశాను. దేవదానం గారు తల ఊపుతూ వింటున్నారు. ఇక అయిదు నిమిషాలే ఉన్నాయనగా మంత్రిగారు నీళ్లు తాగడానికి ఆగారు.

హన్మాండ్లు ముందుకు వచ్చి, రెండు చేతులతో కాగితం అందించాడు. తన కాగితం.

మంత్రిగారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. అది స్క్రిప్టులో లేదు. టీవీలో జోడు లేకుండానే కనిపిస్తానని ఆయన అంతకు ముందు చెప్పి ఉన్నారు. కాని ఏ కాగితం మీదైనా సంతకానికి ముందు పేరు చూడడం ఆయనకు పద్దెనిమిదేళ్ల అలవాటు. పేరు చదివారు. మళ్లీ చదివారు. జోడు మీదుగా రైతును పైనుంచి కింది దాకా చూశారు.

"హన్మాండ్లా? ఎవడీ హన్మాండ్లు? నేనెరగ."

మూడు సమావేశాలు పెట్టి తీసేసిన మాట తనంతట తానే తిరిగి వచ్చింది.

"మా ఇంట్ల తిన్నరు సారూ," అన్నాడు హన్మాండ్లు. అతని గొంతు నాటకం గొంతు కాదు. "రెండు రొట్టెలు. పుంటికూర."

"మస్తు ఇండ్లల్ల తిన్న నేను. తిన్న ఇండ్లన్ని యాదికి వెట్టుకుంటే రాజ్యం నడుస్తదా?"

కెమెరా అటూ ఇటూ తిరగకుండా అక్కడే ఉండిపోయింది. అది నడిపే మనిషికి తెలుగు రాదు గాని, ఏదో ముఖ్యమైనది జరుగుతోందని అర్థమై ఉంటుంది. క్యాంపులో అయితే ఇక్కడ తెర పడాలి. ఇప్పుడు పడాలా వద్దా అని వెంకట్రాములు నా వంక చూశాడు. నేను ఏ సైగా చేయలేదు.

అప్పుడు కెమెరాలోకి ఒక చెయ్యి వచ్చింది. తెల్ల చొక్కా, బంగారు రంగు వాచీ. ఆ చెయ్యి హన్మాండ్లు కాగితాన్ని బల్ల మీది నుంచి పక్కకు తోసి, మరో కాగితం పెట్టి, దాని పక్కన ముద్రా, మూత తీసిన సిరాదిండూ పెట్టి, వెనక్కి పోయింది. మంత్రిగారు చదివారు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

"మాణిక్యం! నిన్నెరగనా తమ్మీ!"

సంతకం చేశారు. ముద్ర వేశారు. లేచి వచ్చి హన్మాండ్లును కౌగిలించుకున్నారు. హన్మాండ్లు చేతులు పక్కలకు వేలాడుతూనే ఉన్నాయి. ఎర్ర దీపం ఆరింది. ఫుట్‌బాల్ మొదలైంది.

క్యాంపు మెస్సులో ఒకటే టీవీ ముందు నాలుగు వందల మంది అయిదు నిమిషాల పాటు నవ్వారని మర్నాడు తెలిసింది. నాటకం చెడగొట్టారని విన్నాము గాని ఏమీ మారలేదే అన్నారు. ఎవరు తెచ్చారో గాని మంత్రి వేషగాడు క్యాంపులో వేసేవాడికంటే ఎన్నో రెట్లు నయమని అందరి అభిప్రాయం. నిజం మంత్రి లాగానే ఉన్నాడని ఒకరిద్దరు అన్నారట. కాస్త అతి చేశాడని తక్కినవారు సర్దారట.

మా ఇంట్లో టీవీ లేదు. కింది అంతస్తులో ఉండే ఫాతిమాబీ ఇంట్లో నా భార్య సుబ్బాయమ్మ నాటకం చూసింది. ఏడాదిగా ఆమె గడప దాటడం లేదు. ఫాతిమాబీ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయిందట. గుమాస్తా పేరు పెట్టి పిలిచిన రెండుసార్లూ ఆమె కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడిందని ఫాతిమాబీ నాతో చెప్పింది. నాటకం ఎలా ఉందని నేను సుబ్బాయమ్మను అడగలేదు.

*

సంతకమైన ఫారాన్ని చట్రం కట్టించి సంఘం కార్యాలయంలో వేలాడదీద్దామన్నారు భీమరాజు గారు. మంత్రిగారు అప్పటికే విమానం ఎక్కారు. ఎడారిలో చెరువుల కొరత తీవ్రంగా ఉందని, రెండో విడత అధ్యయనం అవసరమని విమానాశ్రయంలో ప్రకటించారు.

చట్రం గురించి విని హన్మాండ్లు నా దగ్గరికి వచ్చాడు. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.

"దాని మీద ఫోటో నాదే కదా సారూ," అన్నాడు.

ఇద్దరం ఆ కాగితం తీసుకుని ఆఫీసుకు వెళ్లాం. కౌంటరు వెనక ఉన్న తెలుగాయన మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. ఆ శుక్రవారం నాటకం ఇంటిల్లిపాదీ చూశామన్నాడు. ఫారం తీసుకుని సంతకం చూశాడు, ముద్ర చూశాడు, ఫోటోనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు. అన్నీ సక్రమంగా ఉన్నాయి.

హన్మాండ్లు నిజాయితీపరుడు. ఒక చిన్న పొరపాటు ఉందని, తన పేరు హన్మాండ్లు అని చెప్పబోయాడు.

"ఆ హన్మాండ్లుని మంత్రిగారు ఎరగనన్నారు కదయ్యా. మేమంతా విన్నాం," అన్నాడాయన. "నీకెందుకు ఆ గొడవ? నువ్వు మాణిక్యానివి."

నాలుగో రోజున ప్రయాణపత్రం వచ్చింది. ఫోటో హన్మాండ్లుది. పేరు మాణిక్యం. తండ్రి పేరు ఉండాల్సిన చోట నా పేరు ఉంది. తల్లి పేరు సుబ్బాయమ్మ. వయసులు లెక్క కడితే అతను నాకు పద్నాలుగో ఏట పుట్టినట్టు. కింద సాక్షిగా కూడా నేనే సంతకం చేశాను. తండ్రీ సాక్షీ ఒకరే ఎందుకయ్యారని ఆ ఆఫీసులో ఎవరూ అడగలేదు.

మా అబ్బాయి మాణిక్యం పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. తొమ్మిదో తరగతి.

విమానాశ్రయానికి నేను ఒక్కణ్నే వెళ్లాను. సుబ్బాయమ్మ డబ్బాలో సున్నుండలు పెట్టి ఇచ్చింది. చాలా రోజుల తరువాత చేసినందువల్ల కాబోలు, బెల్లం ఎక్కువైంది. హన్మాండ్లు డబ్బా తీసుకుని, "అమ్మకు చెప్పుండ్రి సారూ" అని లోపలికి పోయాడు. చెప్పాను.

*

ఈ నాటకం వల్ల రాష్ట్రానికి కలిగిన మేలు కూడా పాఠకులకు తెలియజేయడం న్యాయం. గల్ఫ్‌లో కాగితాలు లేకుండా చిక్కుకున్న మన వారెందరని ప్రతిపక్ష సభ్యుడొకరు శాసనసభలో ప్రశ్న వేశారు. గజాననరావు గారు లేచి, తాను స్వయంగా వెళ్లి చూశాననీ, అక్కడ చిక్కుకున్నది మాణిక్యం అనే ఒక్క రైతు అనీ, అతన్ని తాను స్వయంగా గుర్తించి ఇంటికి పంపాననీ జవాబిచ్చారు. హన్మాండ్లు సంగతేమిటని సభ్యుడు రెట్టించి అడిగారు. ఆ సభ్యుడి దగ్గర క్యాంపు నుంచి వచ్చిన ఉత్తరం ఉందట. ఆ పేరు గల మనిషెవరూ లేరని మంత్రిగారు సభకు హామీ ఇచ్చారు. బల్లలు చరిచారు. చిక్కుకున్నవాళ్లంతా అయిపోయారు గనుక సమస్య పరిష్కారమైంది.

హన్మాండ్లు ఉత్తరం ఆగస్టులో వచ్చింది. ఎవరో రాసిపెట్టారు. క్షేమంగా చేరాడు. పిల్ల మొదటి రోజు దగ్గరికి రాలేదు, ఇప్పుడు భుజం దిగడం లేదు. కాని చిక్కొకటి వచ్చింది. రేషను కార్డులో చంద్రవ్వ భర్త హన్మాండ్లు. ఇంట్లో ఉన్నది, ప్రభుత్వ పత్రం ప్రకారం, మాణిక్యం. పరాయి మగవాడి పేరు కార్డులో ఎక్కించడం కుదరదన్నారు. ఊరి పెద్దలు కూర్చుని ఆలోచించి, మాణిక్యానికీ చంద్రవ్వకూ పెళ్లి చేయడమే మార్గమన్నారు. మొదటి భర్త మాటేమిటని కరణం అడ్డు తగిలాడు. హన్మాండ్లు అనే మనిషి లేడని మంత్రిగారు సభలోనే చెప్పిన పేపరు కత్తిరింపు చూపిస్తే అతను ఒప్పుకున్నాడు. కిందటి నెల పెళ్లి అయింది. పిల్ల కొత్త గౌను వేసుకుని ముందు వరసలో కూర్చుంది. మా ఊళ్ల గింత నవ్విన పెండ్లి ఎన్నడు గాలేదు సారూ అని రాయించాడు.

ఉత్తరం నేను పైకి చదివాను. సుబ్బాయమ్మ బియ్యం ఏరుతూ విన్నది. అయిపోయాక అంది:

"పెళ్లికి మనల్ని పిలవలేదేమండీ?"

దూరం కదా అన్నాను.

ఉత్తరంతో పాటు ఒక ఫారం ఉంది. కార్డులో పేరు ఎక్కించడానికి తండ్రి నింపి పంపాలి. గడులు చాలా ఉన్నాయి. ఊరు, వృత్తి, పుట్టుమచ్చలు. బడి నుంచి తెచ్చుకున్న కలంతో ఒక్కొక్కటే నింపుతూ వచ్చాను. అట్టడుగున ఒక ప్రశ్న ఉంది: 'పై వ్యక్తిని మీరు స్వయంగా ఎరుగుదురా?'

నేను మాటలు చూసి వాడే మనిషిని. సిరా ఆరిపోతే మళ్లీ విదిలించి, కాసేపు కూర్చున్నాను. సుబ్బాయమ్మ చేట పక్కన పెట్టి, నా భుజం మీదుగా ఫారం వంక చూస్తూ నిలబడింది.

'ఎరుగుదును' అని రాశాను.